మోరా కత్తి

స్వీడన్ దేశమందు సిల్యన్ సరోవరపు టుత్తరతీరమున నున్న మోరా ప్రాంతమున కమ్మరులు తరతరములుగా సాగగొట్టిన చిన్నకత్తి, నేడు అడవులలో సంచరించువారికి సుపరిచితమైనదే గాని, అది పోరుకొఱకు గాక, పుల్లలు చీల్చుట, చెంచాలు తొలుచుట, చేపలు శుభ్రపఱచుట వంటి నిత్యకృత్యములకై రూపొందినదని మఱువరాదు. ఆ ప్రాంతపు ఓస్ట్‌నోర్ గ్రామవాసి ఫ్రాస్ట్ ఎరిక్ ఎర్సన్, అమెరికాలో కలపపనులు చేసి తిరిగివచ్చి, 1891లో దుంగలను మంచుపై లాగు బండ్ల కర్మశాలను నెలకొల్పగా, అందలి పనులకై చేయించిన కత్తులే కొలదికాలమునకు బండ్లను మించి ప్రసిద్ధికెక్కెను.

ఈ కత్తి సుఖమంతయు పిడియందే యున్నదని నా నిశ్చితాభిప్రాయము. భూర్జవృక్షపు కొయ్యతో (మన ఉత్తరాపథ పండితులు ఏ చెట్టు పట్టపై గ్రంథములు లిఖించిరో దానికి దగ్గరి చుట్టమే యిది) నడుమ ఉబ్బి, కొనలు సన్నగిల్లునట్లు పీపావలె మలచిన ఆ ఎఱ్ఱని పిడి, అరచేతి పల్లమున నిండుగా నమరును. గడ్డకట్టు చలిలో సైతము ఇనుమువలె చేతిని కొఱుకదు.

అలుగు నడుమ గట్టి ఉక్కును, ఇరుప్రక్కల మెత్తని ఉక్కును పొదిగిన రకమునందు పదును నిలుచుటయు, పెళుసుదనము తగ్గుటయు రెండును సిద్ధించును. అంచు వఱకు ఒకే వాలుగా దిగు చదునుభాగమును సానరాతిపై ఆనించి నూఱినచో చాలును గనుక, క్రొత్తవానికి సైతము పదును పెట్టుట సుగమము. అయితే వ్రేలు జాఱకుండ నాపు అడ్డు పాత నమూనాకు లేదు. పొడుచు పనికి దాని నెన్నుకొనరాదు.

1912లో అచ్చటనే వెలసిన మఱొక కర్మశాలయు, ఎర్సన్ సంస్థయు 2005లో ఏకమైనవి. ఎఱ్ఱపిడి కత్తి మాత్రము ఇప్పటికిని ఆ సీమలోనే తయారగుచున్నది.