చదరంగము – వ్రాసియుంచిన ఎత్తు

చదరంగము భారతభూమిని పుట్టిన క్రీడయని పండితుల యభిప్రాయము. మన నల్లగొండ, మహబూబునగరు సీమలలో నిది చిరకాలముగా అరుగులమీది వినోదము. పాత దేశీయ పద్ధతిలో బంటు తొలియెత్తునను ఒక్క గడియే నడచును; అంతవఱకు షా తగులని రాజు ఒక్కమారు గుఱ్ఱమువలె దూకవచ్చును. అంతర్జాతీయ పద్ధతిలో బంటునకు తొలుత రెండు గడుల నడక గలదు. రాజునకు కోటకట్టు గలదు. అందుచేత ఊరిలో ఎదురులేని ఆటగాడును పోటీలకు పోయినచో ఆరంభముననే తడబడుట సహజము.

అఖిల భారత చదరంగ సమాఖ్య 1951లో ఏర్పడెను. తొలి జాతీయ పోటీ 1955లో మన తెలుగునాట, ఏలూరున జరిగెను. రామచంద్ర సప్రే, డి. వెంకయ్య గారలు సమముగా ప్రథమస్థానము నందిరి. 1961లో మాన్యుయల్ ఆరన్ గారు భారతీయులలో మొదటి అంతర్జాతీయ మాస్టరైరి. 1988లో విశ్వనాథన్ ఆనంద్ మన దేశపు ప్రథమ గ్రాండ్‌మాస్టరు. మన తెలంగాణమున ఓరుగల్లువాడైన అర్జున్ ఇరిగైసి 2018లో ఆ బిరుదము నంది, 2024 డిసెంబరు పట్టికలో 2801 అంకముల కెక్కెను.

ఈ యభివృద్ధికి మూలమేమి? అరుగుమీది ఆట దీపాలవేళతో ముగియును. ఓడినవానికి ఓటమి మాత్రమే మిగులును. పోటీలో నిరువురును ప్రతి యెత్తును కాగితముపై వ్రాయుదురు. ఓడినవాడు ఆ కాగితమును ఇంటికి గొనిపోయి, తాను తప్పిన ఎత్తును వెదకి, పుస్తకములోని మేటి ఆటతో సరిచూచుకొనును. రెండవమారు ఆ తప్పు చేయడు.

కావున సోదరులారా! మన గ్రంథాలయమున ఒక పలకయు, నాలుగు చదరంగ గ్రంథములును, ఒక వ్రాతపుస్తకమును ఉంచుదము. మన ఊరి తెలివి సాయంత్రముతో మాసిపోకుండును.