తూర్పు లండను: చెడ్డపేరు, క్రొత్త ఇండ్లు

ప్రతి మహానగరములోను “ఆ వైపు పోవద్దు” అని పెద్దలు పిల్లలకు చెప్పెడి పేట ఒకటి ఉండును. ఆ మాట చెప్పువారిలో ఆ పేటను కన్నులార చూచినవారు అరుదు. దొంగలు అచ్చటనే పుట్టుదురనియు, పోలీసులు సైతము జంటగా గాని అడుగిడరనియు విని యుందురు. విన్నదానిని మరియొకరికి వినిపింతురు. ఇట్టి పేరు ఎట్లు పుట్టును? దానిని తుడిచివేయుటకై ఇండ్లు పడగొట్టినప్పుడు ఆ ఇండ్లలోనివారు ఏమగుదురు? ఈ ప్రశ్నలను చర్చించుటకు మేము లండను నగరపు తూర్పుభాగములోని ఒక చిన్న పేటను ఎన్నుకొంటిమి. ఆ పేట చావుపుట్టువులు, ఇండ్ల లెక్కలు, దానిపై జరిగిన వాదములు అన్నియు అచ్చులో పదిలముగా ఉన్నవి గనుక ఊహపోహలతో పనిలేదు.

ఓల్డ్ నికోల్ అనునది ఆ పేట పేరు. షోర్‌డిచ్, బెత్నల్ గ్రీన్ అను రెండు పెద్ద పేటల సరిహద్దున, సుమారు 15 ఎకరముల నేలలో అల్లుకొన్న ఇరుకు సందుల గుంపు అది. 1890 ప్రాంతమున అచ్చట 5,700 మందికి పైగా కాపురముండిరి. అనేక కుటుంబములకు ఒక్క గదియే వంటిల్లు, పడకటిల్లు, పనిశాల. కుర్చీలు, బల్లలు చేయు వడ్రంగులు, రంపపు కోతగాండ్రు, తోపుడుబండ్లపై సరకులమ్ముకొనువారు, ఇంట కూర్చుండి అగ్గిపెట్టెలు అతికించు స్త్రీలు, పిల్లలు అచ్చటి జనము. అగ్గిపెట్టెల పనికి కూలి 144 పెట్టెలకు రెండుంబావు పెన్నీలు. జిగురు, దారము ఖర్చు పనివారిదే. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు. ఒక్క షిల్లింగు చేతబడుటకు 760కి పైగా పెట్టెలు చేయవలెనన్నమాట. సోమరిపోతుల పేట యని పేరుపడినది ఇదియే!

1886 మొదలు 1888 వరకు తీసిన లెక్కలనుబట్టి ఈ సందులలో ఏటేట వేయిమందికి 40 మంది మరణించుచుండిరి. బెత్నల్ గ్రీన్ పేట మొత్తమునకు ఆ సంఖ్య 23కు లోపే. పుట్టిన వేయిమంది శిశువులలో 252 మంది ఏడాది నిండకుండగనే పోయిరి. ఈ ఇండ్లు ఎవరివి? సారా వైజ్ అను చరిత్రకారిణి 2008లో ప్రకటించిన గ్రంథములో ఆ చిట్టా విప్పి చూపినది. యజమానులలో ప్రభువంశీయులు, న్యాయవాదులు, తుదకు పేట పారిశుద్ధ్యమును కనిపెట్టవలసిన ‘వెస్ట్రీ’ అను స్థానిక పాలకసంఘపు సభ్యులును కలరు. కంచెయే చేను మేసినది. నేరమనగానే జేబుదొంగ గుర్తుకు వచ్చునుగాని, మురుగుకాలువ బాగుచేయింపక వారము వారము అద్దె పుచ్చుకొనువాడు ఎవరికిని గుర్తురాడు.

1888వ సంవత్సరము తూర్పు లండను చెడ్డపేరును లోకమంతట చాటినది. ఓల్డ్ నికోలుకు దక్షిణముగా కొలది దూరములోనున్న వైట్‌చాపెల్ ప్రాంతమున ఆగస్టు చివర మొదలు నవంబరు వరకు అయిదుగురు నిరుపేద స్త్రీలు అతిక్రూరముగా హత్యకు గురియైరి. హంతకుడు దొరకలేదు. దొరకని హంతకుని స్థానమున జనులు ఎవరినో ఒకరిని నిలుపవలెను గదా! ఇంగ్లీషువాడు ఇట్టిపని చేయజాలడనియు, రష్యా, పోలండు దేశములనుండి ప్రాణములు దక్కించుకొని వచ్చిన యూదులలో ఎవడో ఒకడై యుండుననియు వదంతి బయలుదేరినది. సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున ఒక వీధి గుమ్మమువద్ద యూదులనుగూర్చి సుద్దముక్కతో వ్రాసిన వ్రాత ఒకటి కనబడెను. అది సాక్ష్యమేమో తెలియదు; అయినను తెల్లవారిన పిమ్మట జనులు చూచినచో యూదుల ఇండ్లపై పడుదురను భయముతో పోలీసు కమిషనరు చార్లెస్ వారెన్ దానిని ఫొటో తీయకుండగనే తుడిపించివేసెను. హంతకునికంటె వదంతికే పోలీసులు ఎక్కువ జడిసిన రోజులవి. సంఘసంస్కర్తలు ఇన్నేండ్లు మొరపెట్టినను వినని ధనికులు ఈ హత్యల తరువాతనే తూర్పు లండను వైపు చూచిరని బెర్నార్డ్ షా ఒక పత్రికకు ఎత్తిపొడుపుగా లేఖ వ్రాసినాడు. ఆ ఎత్తిపొడుపులో అసత్యమేమియు లేదు.

ఇదే కాలమున చార్లెస్ బూత్ అను నౌకావర్తకుడు సొంత ధనముతో లండను పేదరికమును లెక్కించుటకు పూనుకొనెను. 1889లో వెలువడిన ఆయన పటములో వీధి వీధికి ఒక రంగు. ధనికులకు పసుపు, దిగువకు వచ్చుకొలది ఎరుపు, నీలము. అట్టడుగున నలుపు. నలుపున్నచోట దుర్మార్గులు, అర్ధనేరస్థులు ఉందురని సూచిక. ఓల్డ్ నికోల్ చాలవరకు నల్లగా కనబడును. పటమును చూచినవారు వేలు. దానితో వచ్చిన గ్రంథమును చదివినవారు అందులో కొలదిమందియే అయి యుందురు. గ్రంథములోని అంకెలు వేరుమాట చెప్పుచున్నవి. తూర్పు లండను జనములో ఈ అట్టడుగు తరగతివారు నూటికి ఒకటింబావు మాత్రమే యని బూత్ స్వయముగా తేల్చెను. నూటికి ముప్పదియైదుగురు పేదలు. ఆ పేదరికమునకు ముఖ్యకారణములు చాలని కూలి, నిలుకడ లేని పని. రంగు మాత్రము కంటికి అంటుకొన్నది.

పటము వేసిన మచ్చను నవల ఒకటి పచ్చబొట్టుగా మార్చినది. ఆ పేటలోని చర్చి గురువు ఆర్థర్ ఆస్బర్న్ జే, చర్చి క్రింద ముష్టియుద్ధశాల పెట్టి యువకులను చేరదీసిన చొరవగల మనిషి. ఆయన ఆహ్వానముపై ఆర్థర్ మారిసన్ అను రచయిత పేటకు వచ్చి, తిరిగి చూచి, ‘జేగో’ యను మారుపేరుతో 1896లో నవల ప్రకటించెను. అందులో పుట్టినవాడు దొంగతనము నేర్వక తప్పదు; పోట్లాటలలో చావక తప్పదు. మరుసటి సంవత్సరమే హెచ్. డి. ట్రెయిల్ అను విమర్శకుడు, ఇట్టి లోకము రచయిత ఊహలోనిదేగాని లండనులోనిది కాదని వాదించి, ఆ పేటను ఎరిగిన పలువురి అభిప్రాయములను తోడు తెచ్చుకొనెను. తాను చూచినదే వ్రాసితినని మారిసన్ బదులు చెప్పెను. ఈ వాదములో మేము ఎవరి పక్షమనగా, ఇద్దరికిని కొంత కొంత ఒప్పుకొందుము. అచ్చట దొంగలుండిరి, తాగి తన్నుకొనువారుండిరి. లేరనుట పేదలకు ఉపకారము కాదు. అయితే రాత్రి వీధిలో జరిగిన కొట్లాట కథకు పనికివచ్చును. అదే రాత్రి తలుపు వెనుక జరిగిన అగ్గిపెట్టెల పని పనికిరాదు. నవల వెలువడునాటికి ఆ పేటలో అధికభాగము కూలిపోయి యుండెననుట ఇంకొక విచిత్రము. పేట పోయి పేరు మిగిలినది.

కూల్చినవారు 1889లో ఏర్పడిన లండను కౌంటీ కౌన్సిలువారు. 1890 నాటి గృహనిర్మాణ చట్టము ఆధారముగా ఓల్డ్ నికోలును నేలమట్టము చేసి, ఆ చోట ఎర్రయిటుకల మేడలు లేపిరి. ఓవెన్ ఫ్లెమింగ్ నాయకత్వమున యువకులైన శిల్పులు గీసిన నమూనాలవి. మధ్యను వర్తులాకారపు తోట, దాని చుట్టు నలుదిక్కులకు పోవు చెట్ల బాటలు, పాఠశాలలు, బట్టలుతుకు శాల, అంగళ్లు. పడగొట్టిన ఇండ్ల మట్టిని, ఇటుకముక్కలను నడుమ దిబ్బగా పోసి దానిపైననే తోట వేసిరి. 1900 మార్చిలో వేల్సు యువరాజు ప్రారంభోత్సవము చేసెను. 1,069 వాటాలు, 5,524 మందికి చోటు. ప్రభుత్వసంస్థ ప్రజల ధనముతో పేదలకు కట్టిన పెద్ద కాలనీలలో ఇది మొట్టమొదటివానిలో ఒకటి. గాలి, వెలుతురు, నీరు ఉన్న ఇండ్లు. నేటికిని చూడముచ్చటగా ఉన్నవి. ఆ పాత కొంపలను పడగొట్టుట తప్పని మేము అనము. ఏటేట వేయికి 40 మందిని మ్రింగు గోడలపై జాలిపడవలసిన పనిలేదు.

కాని పాత పేటలోని 5,700 పైచిలుకు జనములో ఈ క్రొత్త మేడలలో చేరినవారు పదునొకండుగురు! 11 మంది అని మరల చెప్పుచున్నాము, అచ్చుతప్పు కాదు. ఎందుకిట్లయినది? చట్టము ఇంతమందికి చోటు కట్టవలెనని సంఖ్యను అడిగినదేగాని, లేచిపోయినవారికే ఈయవలెనని అడుగలేదు. క్రొత్త మేడలలో ఒంటిగది వాటాలు మిక్కిలి కొద్ది. గదికి ఇంతమందికి మించరాదను నిబంధన ఉండుటచే, ఒక్క గదిలో తలదాచుకొన్న ఆరుగురి కుటుంబము ఇప్పుడు రెండు మూడు గదుల అద్దె చెల్లింపవలెను. అద్దె బాకీ పడినచో ఖాళీ చేయవలెను. పైగా మేడలు పూర్తియగువరకు ఎచ్చట ఉండవలెను? వారు ప్రక్క సందులకు తరలిపోయి, అచ్చటి గదులను మరింత క్రిక్కిరియజేసిరి. క్రొత్త వాటాలలో గుమాస్తాలు, పోలీసులు, నర్సులు, నిలుకడైన జీతముగల పనివారు చేరిరి. వారును ఇల్లు కావలసినవారే. వారిని మేము తప్పుపట్టము. దొంగల పేటయను పేరే లేకున్నచో ఇంతమందిని ఇంత నిశ్శబ్దముగా లేవదీయుట సాధ్యమయ్యెడిదా అని మాత్రము అడుగుచున్నాము.

గురువు జే మరియొక సూచన చేసినాడు: పుట్టుకతోనే నేరస్వభావము గలవారిని వేరుచేసి, జీవితాంతము కాపలాలోనుంచవలెనని. లండనులో అది కాగితముమీదనే ఆగినది. మన దేశములో అంతకు పూర్వమే, 1871లోనే, కొన్ని తెగలకు పుట్టుకతోనే నేరస్థులను ముద్రవేసిన చట్టము వచ్చి యుండెను. 1911లో అది మద్రాసు రాష్ట్రమునకును వర్తించెను. బాపట్ల సమీపమున ఎరుకల కుటుంబములను ఉంచి, హాజరు వేయుటకై స్థాపించిన స్టూవర్టుపురము ఆ చట్టపు ఫలమే. దానిని నడుపుటకు ప్రభుత్వము సాల్వేషన్ ఆర్మీకి అప్పగించెను. ఆ సంస్థ ఎచ్చట పుట్టినదనుకొందురు? 1865లో వైట్‌చాపెలులోనే! దాని స్థాపకుడు విలియం బూత్. పటము గీయించిన చార్లెస్ బూత్ వేరు. చట్టము 1952లో రద్దయినను, ఆ ఊరి పేరు వినగానే దొంగలను తలచుకొనుట మనము మానలేదు. 1991లోను, 2023లోను ఆ పేరును ఆధారము చేసికొని తెలుగు చలనచిత్రములు సైతము వెలువడినవి.

తూర్పు లండనులో యూదులపై పెరిగిన వ్యతిరేకత ఊరక పోలేదు. 1905లో విదేశీయుల రాకను అరికట్టు చట్టమునకు అది దారితీసినది. క్రొత్త మేడలకు అతిసమీపమున ప్రారంభమగు బ్రిక్ లేన్ వీధిలో 1743లో ఫ్రెంచి శరణార్థులు కట్టుకొన్న ప్రార్థనామందిరము, తరువాత మెథడిస్టుల చర్చియై, 1898లో యూదుల దేవళమై, 1976లో మసీదయ్యెను. గోడలు అవియే, వచ్చిన ప్రతివారిని ముందున్నవారి కొరకు వాడిన మాటలతోనే తిట్టిరి. 1978 మే 4వ తేదీన అల్తాబ్ అలీ అను బంగాళీ కుట్టుపనివానిని జాతిద్వేషముతో ముగ్గురు కుర్రవారు వైట్‌చాపెలులో పొడిచి చంపిరి. పది దినములకు సుమారు 7,000 మంది అతని శవపేటిక వెంట ప్రధానమంత్రి నివాసమువరకు నడిచిరి. అతడు పడిన చోటికి చేరువనున్న ఉద్యానవనమునకు 1998లో అతని పేరే పెట్టిరి.

1900 నాటి మేడలు 1994లో సంరక్షిత కట్టడముల జాబితాకెక్కినవి. 1980 నాటి చట్టము మునిసిపాలిటీ ఇండ్లను అద్దెదారులు కొనుక్కొనుటకు వీలు కల్పింపగా, అందు కొన్ని వాటాలు చేతులు మారి బహిరంగ విపణికి చేరినవి. ఇపుడు షోర్‌డిచ్ కళాప్రదర్శనశాలలకు, ఫలహారశాలలకు, సాంకేతిక సంస్థలకు పేరుగాంచిన ఖరీదైన పేట. మునిసిపాలిటీ చేతిలో మిగిలిన వాటాలలో బంగాళీ కుటుంబములు పలువురు కాపురమున్నారు. వారి పిల్లలు పెండ్లియాడి వేరింటి కాపురము పెట్టవలసి వచ్చినప్పుడు ఆ పేటలో వెదకుట లేదు, నగరపు అంచులలో వెదకుకొనుచున్నారు.