ఎయిర్‌బ్రష్ వాడితే చీటింగేనా? వందేళ్లు దాటిన గొడవ

గేమింగ్ మినియేచర్లకు రంగులు వేసేవాళ్ల మధ్య ఎప్పుడూ తెగని గొడవ ఒకటుంది. "ఎయిర్‌బ్రష్‌తో వేస్తే అది మన పనెలా అవుతుంది? మెషీన్ పని కదా!" అని ఒకరంటారు. "నువ్వు కొని చూడు, అప్పుడు తెలుస్తుంది" అని ఇంకొకరంటారు. ఈ గొడవ వార్‌హామర్ ఆట కంటే చాలా పాతది. అందుకే ఈ ఎపిసోడ్‌లో జవాబు కోసం చరిత్రలోకి వెళ్దాం.

ముందు అసలు వస్తువేంటో చూద్దాం. వినాయక చవితికి ముందు హైదరాబాద్ ధూల్‌పేటలో విగ్రహాలకు కంప్రెసర్ పెట్టి స్ప్రే గన్‌తో రంగులు కొడతారు కదా. ఎయిర్‌బ్రష్ అంటే ఆ గన్‌కి బుల్లి తమ్ముడు అనుకోండి. పెన్నులా పట్టుకుంటాం. మనవాళ్లు ఎక్కువగా వాడే రకంలో ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి వస్తుంది, వెనక్కి లాగితే రంగు వస్తుంది. లోపలి సూది ఎంత వెనక్కి జరిగితే అంత రంగు.

కథ అమెరికాలో మొదలైంది. 1870ల చివర్లో అయోవా రాష్ట్రంలో అబ్నర్ పీలర్ అనే ఆయన, గాలితో నీటిరంగులు చల్లే పరికరం ఒకటి తయారు చేశాడు. ఇల్లినాయ్‌లోని రాక్‌ఫర్డ్‌లో ఉండే లిబర్టీ వాకప్ దాన్ని బాగుచేసి, ఎయిర్‌బ్రష్ అనే పేరుతో అమ్మాడు. అక్కడే దాన్ని నేర్పే స్కూల్ కూడా నడిచింది. తర్వాత చార్లెస్ బర్డిక్ ఇంకో మోడల్ తెచ్చాడు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో దాన్ని జనానికి చూపించారు. ఇప్పుడు మనం వాడే ఎయిర్‌బ్రష్‌కి అదే తాత.

మరి వీటిని కొన్నదెవరు? ఎక్కువగా ఫొటోలు దిద్దేవాళ్లు. అప్పట్లో ఫొటోని పెద్దది చేస్తే ముఖం పాలిపోయినట్టు కనిపించేది. బుగ్గ కింద నీడ, నుదుటి మీద వెలుగు మళ్లీ చేత్తో దిద్దాల్సిందే. కుంచెతో దిద్దితే గీత తెలిసిపోతుంది. ఎయిర్‌బ్రష్ కాగితాన్ని తాకదు కాబట్టి ఏ గీతా ఉండదు. దాని బలం అదే. దాని మీద అనుమానం పుట్టింది కూడా అక్కడే.

1917 తర్వాత న్యూయార్క్‌లో మాన్ రే అనే కళాకారుడు ఎయిర్‌బ్రష్‌తో బొమ్మలు వేస్తే, మెషీన్‌తో వేసి కళని దిగజార్చాడని విమర్శలొచ్చాయి. సోవియట్ రష్యాలో అయితే కథ ఇంకా భయంకరం. స్టాలిన్ పక్కన కాలువ గట్టున నిలబడ్డ యెజోవ్ అనే పోలీసు అధిపతిని 1940లో కాల్చి చంపారు. తర్వాత ఆ ఫొటోలోంచి కూడా మాయం చేశారు. అతను ఉన్న చోట నీళ్లే కనిపిస్తాయి. అలాంటి ఫొటో మార్పుల్లో ఎయిర్‌బ్రష్‌ది పెద్ద చెయ్యి. ఇంగ్లిష్‌లో ఎయిర్‌బ్రష్ చేయడం అంటే నిజాన్ని చెరిపేయడం అనే అర్థం కూడా ఉంది.

ఇక మన బొమ్మల దగ్గరికొద్దాం. 1983లో వార్‌హామర్ వచ్చేనాటికి మినియేచర్లంటే లోహపు బొమ్మలు, కుంచెలు, చిన్న రంగు డబ్బాలు. ఎయిర్‌బ్రష్ ఎక్కువగా విమానాలు, ట్యాంకుల మోడళ్లు చేసేవాళ్ల చేతిలో ఉండేది. తర్వాత మెల్లగా సైనికుల బొమ్మల మీదికి వచ్చింది. ఎందుకంటే 28 మిల్లీమీటర్ల బొమ్మకీ ఆ పాత ఫొటోల కష్టమే ఉంది. అంత చిన్న బొమ్మ మీద గదిలోని వెలుతురు సరైన నీడలు వేయదు. భుజం మీద వెలుగు, చంక కింద చీకటి మనమే రంగుతో పుట్టించాలి.

దానికి వాడే పద్ధతి పేరు జెనిథల్. ముందు బొమ్మంతా నల్ల ప్రైమర్. తర్వాత పక్కల నుంచి బూడిద రంగు. చివరికి నడినెత్తి మీద సూర్యుడున్నట్టు పైనుంచి తెలుపు. ఇప్పుడు బొమ్మ మీద ఎండ పడినట్టే ఉంటుంది. దాని మీద పల్చటి రంగు వేస్తే కింద ఉన్న వెలుగునీడలు అలాగే కనిపిస్తాయి. రంగు పాలంత పల్చగా ఉండాలి, ప్రెషర్ 15 నుంచి 20 పీఎస్ఐ చాలు. ఒక్కసారే దట్టంగా కొట్టకుండా, పల్చటి పూతలు మూడు నాలుగు వేయాలి.

ఇంతకీ ఇది చీటింగా? నా మాట చెప్తాను. సూర్యుడు ఎటువైపు ఉన్నాడో మెషీన్‌కి తెలీదు, అది మీరే నిర్ణయించాలి. కళ్లు, బెల్టు బకిల్, కత్తి అంచు లాంటివి చాలామంది ఇప్పటికీ కుంచెతోనే వేస్తారు. యెజోవ్‌ని మాయం చేసింది మనుషులు, పరికరం కాదు. ఫొటోలో అబద్ధం దాగుతుంది. బొమ్మ మీద మనం వేసింది రంగేనని అందరికీ తెలుసు.

ఇంకో రెండు మాటలు. డబ్బులు లేవని ఆగిపోకండి. నలుపు, తెలుపు స్ప్రే డబ్బాలతో కూడా జెనిథల్ చేయొచ్చు. కాకపోతే ఏది వాడినా గాలి ఆడే చోట, మంచి రెస్పిరేటర్ మాస్క్ పెట్టుకుని చేయండి. నీటిరంగే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. ముందు మాస్క్ కొనండి, కంప్రెసర్ తర్వాత. ఉంటాను మరి!