తెలుగింటి వస్తుసంచయము

తెలుగువారి పాత పెంకుటింటిలో నేల మిక్కిలి విలువగలది. దానిమీదనే పగలు విస్తళ్లు పరచి భుజించి, మధ్యాహ్నము తిరుగలి త్రిప్పి, రాత్రి చాపలు వేసికొని నిద్రించుచుండెడివారగుటచేత, అచ్చట శాశ్వతముగ నొక వస్తువు నుంచుట మనుష్యుని చోటు నపహరించుటయే యయ్యెడిది. కావుననే పూర్వులు సామగ్రిని పైకప్పునకును, గోడకును, భూగర్భమునకును పంచి, నేలను తమకు మిగుల్చుకొనిరి.

ఈ వివేకము మిక్కిలి ప్రాచీనము. మైసూరున శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున, ధాన్యమును నేల తగులకుండ నెత్తునను, బెల్లము మొదలగువానిని గడ్డితో బిగియ నల్లిన మూటలలోను, నూనెలను మట్టిపాత్రలలోను కొయ్యపాత్రలలోను, ఉప్పును నేలమీదను ఉంచవలెనని విధింపబడినది. వస్తువునకు చెఱుపు దేనివలన వచ్చునో యెఱిగి, తదనుగుణముగ స్థానము నిర్ణయించుటయే యిందలి సూత్రము.

తెలుగుదేశమున కృష్ణా గోదావరీ మండలములందు ఎండుగడ్డిని లావుపాటి త్రాడుగ పేని, దానిని వలయములుగ చుట్టి, వడ్లకు పురి కట్టుచుండిరి. వెదురుబద్దలతో నల్లి, మట్టియు పేడయు కలిపి మెత్తిన గాదెను పందికొక్కులకు భయపడి రాళ్లపై నిలిపెడివారు. పలనాటను రాయలసీమను జొన్నలకు పాతర యుండెడిది. గాలి చొరకుండ మూసిన యా గోతిలో ధాన్యము విడిచిన బొగ్గుపులుసు వాయువే పురుగులను చంపెడిది; అదియే మనుష్యునకును ప్రాణాంతకమగుటచేత, పాతర తెఱచినవారు కొంతసేపు గాలి యాడనిచ్చి, దీపము దింపి, అది ఆరకున్నప్పుడే లోనికి దిగెడివారు.

ఇంటిలోపల పాలు పెరుగులు పిల్లికిని చీమలకును అందకుండ దూలమునుండి వ్రేలాడు ఉట్టికెక్కెను. బట్టలు దండెముమీదను, ఉత్తరీయము చిలకకొయ్యకును చేరెను. పప్పుదినుసుల కుండలు పెద్దదానిపై చిన్నది చొప్పున దొంతులై యొక మూల నిలిచెను. కొడవలి చూరులో దూరెను; చింతపండును, పెండ్లిండ్లకుమాత్రమే దింపు గుండిగలును అటకనెక్కెను. నేలమీద నుండక తప్పని భోషాణము సైతము తన మూతను ఇంటిపెద్దకు మంచముగ నిచ్చి ఋణము తీర్చుకొనెను.

అయినను ఈ యేర్పాటులన్నిటికిని ప్రాణము వేఱొకటి కలదు; అది లోనికి పోయిన వస్తువు తిరిగి వెలికివచ్చు దారి. సంక్రాంతికి ముందు గోడలకు సున్నము వేయుటకై అటక సామానంతయు దింపవలసివచ్చెడిది. విఱిగిన పీటయు, పనికిరాని కొయ్యయు తిరిగి పైకెక్కక భోగిమంటలో పడెడివి. చాల గాదెలకు పైన పోయుటకొక ద్వారమును, అడుగున తీయుటకొక కంతయు నుండుటచేత, ముందు పోసిన గింజయే ముందు వెలువడెడిది.

1923లో గోద్రెజ్‌వారు ఇనుప బీరువాలు చేయ నారంభించిరి. క్రమముగ పెంకుటిండ్లతో దూలములును, దూలములతో ఉట్లును పోగా, ఇంటి సామానంతయు ఆ తలుపుల వెనుకకు చేరెను. అది దొంగకును ఎలుకకును అభేద్యమే. కాని పెట్టుటకును తీయుటకును దానికి ముందుదారి యొక్కటియే యగుటచేత, నిన్న పెట్టినది నేడు చేతికందును. పదేండ్లనాడు పెట్టినది వెనుకనే యుండును. చోటు చాలక మనము రెండవ బీరువా కొనుచున్నాము.