గోధుమల పైకము – గ్రంథముల భాండారము

ఓడలలో దిగుమతియైన గోధుమలకును, విశ్వవిద్యాలయముల బీరువాలలో నిలిచిన తెలుగు గ్రంథములకును సంబంధమేమి యని యడిగినచో అది పొడుపుకథవలె తోచును. కాని యది కథ కాదు, చరిత్ర.

స్వాతంత్ర్యానంతరము మన దేశము తిండిగింజల కొఱతతో బాధపడుచుండగా, 1951లో అమెరికా ప్రభుత్వము 19 కోట్ల డాలర్ల గోధుమ ఋణము నొసగెను. దానిపై వచ్చు వడ్డీలో మొదటి 50 లక్షల డాలర్లను గ్రంథములకును, శాస్త్రపరికరములకును, ఉభయదేశముల విద్వాంసుల రాకపోకలకును వినియోగింప నిర్ణయించిరి. ఆహారపుటప్పు విద్యకు మూలధనమగుట అచట మొదలయ్యెను.

1954 జులై 10వ తేదీన అధ్యక్షుడు ఐసెన్‌హోవరు సంతకము చేసిన 480వ చట్టము ఈ మార్గమును రాజబాట గావించెను. మన యిండ్లలో సైతము ‘పి.ఎల్. 480’ అను పేర అది సుపరిచితమే. 1956లో మన ప్రభుత్వము ఆ చట్టము క్రింద మొదటి ఒడంబడిక చేసికొనెను. ధాన్యపు వెలను డాలర్లలో గాక రూపాయలలో చెల్లించుటయే అందలి విశేషము. ఆ రూపాయలు ఈ దేశముననే అమెరికా ఖాతాలో నిలువయుండెడివి. అందధికభాగము ఋణములుగను, విరాళములుగను మన ప్రణాళికలకే మరల వచ్చెను. కొంత అమెరికా ప్రభుత్వ వ్యయములకును, కొంత మన విశ్వవిద్యాలయములలోని వ్యవసాయ పరిశోధనలకును చెల్లెను.

దేశము దాటింప వీలులేని ఈ ధనముతో గ్రంథములు కొనరాదా యను ఆలోచన 1958లో కలిగెను. మిషిగన్ రాష్ట్రపు ప్రతినిధి జాన్ డింగెల్ ప్రతిపాదించిన సవరణ అందులకు అనుమతి నిచ్చెను. 1962లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయము న్యూఢిల్లీలో కార్యాలయము తెఱచి, దేశభాషలన్నిటను వెలువడు గ్రంథములను, పత్రికలను సేకరింప నారంభించెను. నెలనెల వాని పట్టికను ప్రకటించెను. విజయవాడ, మద్రాసు, హైదరాబాదు నగరములలో అచ్చైన తెలుగు పొత్తములు షికాగో, పెన్సిల్వేనియా, కాలిఫోర్నియా, విస్కాన్‌సిన్ విశ్వవిద్యాలయములకు చేరెను.

అదే 1954లో మన పార్లమెంటును ఒక గ్రంథచట్టము చేసెను. ప్రచురణకర్త తన ఖర్చుపై ప్రతి గ్రంథమును కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మఱికొన్ని గ్రంథాలయములకును పంపవలెనని దాని విధి. మన చట్టము ప్రచురణకర్తను ప్రతి నిమ్మని యడిగెను. వారి చట్టము వెల యిచ్చి కొనెను. ఈ భేదము గమనింపదగినది.

గ్రంథములున్నంత మాత్రమున చదువరులుండవలెను గదా! 1957లో రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగింపగా కలవరపడిన అమెరికా, మఱుసటి యేట రక్షణ విద్యాచట్టము చేసి విదేశభాషల బోధనకు ధనము కేటాయించెను. 1961లో అమెరికా విశ్వవిద్యాలయములు కొన్ని కలసి భారతాధ్యయన సంస్థను స్థాపింపగా, దానికిని గోధుమల రూపాయలు తోడ్పడెను. 1971లో వెల్చేరు నారాయణరావుగారు విస్కాన్‌సిన్‌లో తెలుగు బోధింప నారంభించిరి. ఎంతటి ఆచార్యుడైనను గ్రంథములు లేని గదిలో పరిశోధన నడపజాలడు.

అయినను ధనము వచ్చినచోట అనుమానమును వచ్చును. హిమాలయ సరిహద్దు దేశములను గూర్చి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము తలపెట్టిన పరిశోధనకు ఆ దేశపు రక్షణశాఖ ధనమిచ్చుచున్నదని 1968లో తెలియగా, మన దేశమున తీవ్రమైన నిరసన చెలరేగి ఆ పని నిలిచిపోయెను. విద్వాంసుని ప్రశ్న ఎంత నిర్మలమైనదైనను, దానికి ధనమిచ్చినవాని ఉద్దేశము దాని వెంటనే నడచును.

1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి మొయినిహన్ 1,664 కోట్ల రూపాయల చెక్కును మన ప్రభుత్వమునకు అందజేసి, పేరుకొనిన నిలువలో పెద్దభాగమును విడిచిపెట్టెను. మిగిలిన రూపాయలును క్రమముగా తఱిగిపోగా, 1980ల దశకమున ఆ విశ్వవిద్యాలయములు తమ సొంత డాలర్లతో గ్రంథములు కొనవలసి వచ్చెను. అవి కొనుట మానలేదు! ఉచితముగా వచ్చినవానికి అలవాటుపడినవారు వెల యిచ్చియు కొనసాగించుటయే ఆ ప్రయత్నపు సార్థకతకు నిదర్శనము.

1950లో భారత–అమెరికాల నడుమ కుదిరిన ఫుల్‌బ్రైట్ ఒడంబడిక 2008లో పునరుద్ధరింపబడినప్పుడు దానికి నెహ్రూ పేరును చేరెను. నాటినుండి ఉభయప్రభుత్వములును వ్యయమును సమముగా భరింప నంగీకరించెను. ఇందు గౌరవముకంటె మించిన ప్రయోజనము కలదు. పైకము ఒక్కరిదే యైనచో ప్రశ్నలును వారివే యగును. సగము మన మిచ్చినచో, ఏమి పరిశోధింపవలెనో చెప్పు హక్కును సగము మనకుండును. ఆనాటి గోధుమలు ఆనాడే చెల్లిపోయినవి. వాని వెలతో కొన్న గ్రంథములు నిలిచియున్నవి. అట్టి భాండారములను మన ధనముతో, మన ప్రశ్నలకై, మన గడ్డపై నిలుపుకొనుట ఇక మన వంతు.