పీసీ గేమింగ్‌లో మైక్ శబ్ద సమస్యలు

వాలరాంట్, కౌంటర్-స్ట్రైక్ 2 వంటి జట్టు ఆటల్లో ఆటగాడి గొంతు సన్నగా వినిపించడం, లేదా చుట్టూ ఉన్న రొద దాన్ని మింగేయడం తరచూ ఎదురయ్యే రెండు చిక్కులు. గుంటూరు, ఒంగోలు ఇళ్లలో రెండో చిక్కుకు ఒక కారణం ఎండాకాలంలో ఆగకుండా తిరిగే ఫ్యాన్లు, కూలర్లు. రెంటచింతల వైపు ఎండలు తెలిసినవారెవరూ ఫ్యాను, కూలరు ఆపి ఆడమని చెప్పరు.

అందుకే మైక్ ఎక్కడ ఉందన్నదే అన్నిటికన్నా ముఖ్యం. నోటికీ మైక్‌కూ మధ్య దూరం సగానికి తగ్గితే గొంతు సుమారు 6 డెసిబెళ్లు పెరుగుతుంది, దూరంగా ఉన్న కూలరు మోత దాదాపు అంతే ఉంటుంది. విండోస్‌లో మైక్రోఫోన్ బూస్ట్ పెంచితే మాత్రం రెండూ కలిసే పెరుగుతాయి. ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ మైక్ అయితే దాని వీపు కూలరు వైపు ఉండాలి.

గొంతు అసలే వినపడకపోతే ఇన్‌పుట్ పరికరం, ప్రైవసీ అనుమతి చూడాలి. ఒకే పిన్ను ఉన్న ఫోన్ హెడ్‌సెట్‌కు, మైక్ సాకెట్ వేరుగా ఉన్న పీసీలో స్ప్లిటర్ కావాలి.

రొదను తగ్గించే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి: 2017లో వచ్చిన ఆర్‌ఎన్‌నాయిస్ స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో, క్రిస్ప్ వాయిస్ చాట్ యాప్ డిస్కార్డ్‌లో ఉన్నాయి. ఇవి ఫ్యాను రొదను బాగా తీసేస్తాయి. వరండాలో మాటలను అంత నమ్మకంగా తీయలేవు, మోతాదు మించితే మాటల చివర్లు తెగిపోతాయి.

ఎడతెగని గుయ్‌మనే మోత 50 హెర్ట్జ్ కరెంటుది కావచ్చు. ఛార్జరు తీయగానే ల్యాప్‌టాప్‌లో అది ఆగితే ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. మోత పోతుందని ప్లగ్గు మూడో పిన్ను మాత్రం విరవకండి. అది షాక్ నుంచి కాపాడేది.