రథం గొప్పా? రథికుడు గొప్పా?

ఉగాది సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గ మిత్రులు అడిగినప్పుడు, "నేను బండ్లు బాగుచేసేవాణ్ణి, నాకు రాతలేమిటండీ!" అన్నాను. "ఆ బండ్ల గురించే రాయండి" అన్నారు. అందుకే ఈ సాహసం. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

2021 డిసెంబరు 5 రాత్రి మన జెడ్డా కార్నీష్ మీద సౌదీ అరేబియాలోనే మొట్టమొదటి ఫార్ములా వన్ పందెం జరిగింది. ఎర్ర సముద్రం ఒడ్డున 6 కిలోమీటర్ల 174 మీటర్ల దారి, 27 మలుపులు, 50 చుట్లు. లూయిస్ హామిల్టన్ గెలిచాడు, మాక్స్ వెర్‌స్టాపెన్ రెండోవాడుగా వచ్చాడు. దాంతో ఆ ఏడాది లెక్కలో ఇద్దరికీ సరిగ్గా 369.5 పాయింట్లే! టీవీ ముందు కూర్చున్న మా అబ్బాయి అప్పుడు అడిగాడు: "నాన్నా, గెలిచింది మనిషా, కారా?"

ఇరవై ఏళ్ళకు పైగా ఇంజన్లతో కుస్తీ పడుతున్న నాకు చప్పున జవాబు తోచలేదు. పాత సంగతులు తిరగేస్తూ పోతే, దానికి జవాబు ఈ దేశంతో ముడిపడిన చరిత్రలోనే దొరికింది.

మనలో చాలామందిని ఈ గడ్డ మీద దింపిన సౌదియా విమానాల పేరు ఒకప్పుడు పందెపు కార్ల మీద కూడా ఉండేదని మీకు తెలుసా? ఇంగ్లండులో ఫ్రాంక్ విలియమ్స్ అనే ఆయన డబ్బుకు కటకటలాడుతూనే 1977లో పాట్రిక్ హెడ్ అనే ఇంజనీరుతో కలిసి కొత్త జట్టు పెట్టాడు. మరుసటి ఏటికి వాళ్ళ తెలుపు, ఆకుపచ్చ కారు మీద సౌదియా పేరు వెలిసింది. 1979 జులైలో సిల్వర్‌స్టోన్‌లో ఆ జట్టు తొలి విజయం సాధించింది. నిజానికి ముందు దూసుకుపోయింది అలన్ జోన్స్. నీళ్ళ పంపు పాడై అతని కారు ఆగిపోతే, వెనకాల ఉన్న రెగాజోని గెలిచాడు. సౌదీ పోషకుల మర్యాద కోసం ఆయన షాంపేన్ జోలికి పోలేదు. చూడండి, ఒక్క నీళ్ళ పంపు విజేతనే మార్చేసింది!

1980లో అదే జోన్స్ ప్రపంచ విజేత అయ్యాడు. 1981 అక్టోబరులో లాస్ వేగాస్‌లో ఆ ఏటి చివరి పందెం గెలిచి, ఇక చాలన్నాడు. అప్పటికి ఆయనకు 35 కూడా నిండలేదు. స్వదేశమైన ఆస్ట్రేలియాలో పొలం పనులు చూసుకుంటానని వెళ్ళిపోయాడు. అదే ఏడు ఒక్క పాయింటు తేడాతో కిరీటం పోగొట్టుకున్న జట్టు సహచరుడు రాయిట్‌మన్ కూడా 1982లో రెండు పందేలు ఆడి తప్పుకున్నాడు.

జోన్స్ ఖాళీ చేసిన సీట్లోకి వచ్చినవాడు ఫిన్లాండు దేశస్థుడు కేకే రోస్‌బర్గ్. 1981లో వేరే జట్టు కారులో అతను సంపాదించిన పాయింట్లు సున్నా. 1982లో విలియమ్స్ కారులో 44 పాయింట్లతో ప్రపంచ విజేత! అదే మనిషి, అవే చేతులు. అయితే అంతా కారు మహిమేనా? అలా అనడానికీ లేదు. ఆ రోజుల్లో ఫెరారీ, రెనో జట్ల టర్బో ఇంజన్ల బలం ముందు ఈ కారు బలం తక్కువే. ఆ ఏడు 16 పందేల్లో 11 మంది వేర్వేరు విజేతలు. కేకే గెలిచింది ఒకే ఒక్కటి. మే నెలలో విల్‌నవ్ ప్రమాదంలో చనిపోయాడు, ఆగస్టులో ముందంజలో ఉన్న పిరోని కాళ్ళు విరిగాయి. అలాంటి ఏడాదిలో నిలకడగా ప్రతిచోటా నాలుగు పాయింట్లు ఏరుకున్నవాడే నెగ్గాడు.

తర్వాత ముప్పై నాలుగేళ్ళకు కేకే కొడుకు నీకో వంతు వచ్చింది. 2014 నుంచి 2016 దాకా 59 పందేల్లో 51 గెలిచిన మెర్సిడెస్ కారు అతనిది. అలాంటి కారుంటే ఎవరైనా గెలుస్తారని అన్నవాళ్ళున్నారు. కానీ అదే కారు పక్కవాడి దగ్గరా ఉంది. ఆ పక్కవాడు హామిల్టన్! ఈ ఆటలో న్యాయమైన కొలబద్ద ఒక్కటే: ఒకే కారులో ఇద్దరు మనుషులు. 2014లో, 2015లో నీకో ఓడాడు. 2016లో 385కు 380, అయిదు పాయింట్లతో గెలిచాడు. మలేసియాలో హామిల్టన్ ఇంజను కాలిపోకుంటే ఏమయ్యేదో అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

నవంబరు 27న అబుదాబిలో కిరీటం, డిసెంబరు 2న వియన్నాలో విరమణ. మధ్యలో అయిదు రోజులే! చిన్ననాటి కల తీరిందనీ, తన శిఖరం ఎక్కేశాననీ చెప్పి, 31 ఏళ్ళకే ప్రపంచంలోకెల్లా మేలైన కారు దిగిపోయాడు. చిన్న పాప ఉన్న ఇంటికి వెళ్ళిపోయాడు.

కారు బలం ఎంతో మన జెడ్డా మరోసారి చూపించింది. 2024 మార్చిలో అపెండిసైటిస్‌తో ఆసుపత్రి పాలైన సైన్జ్ బదులు బేర్‌మన్ అనే 18 ఏళ్ళ కుర్రాడిని ఫెరారీలో కూర్చోబెట్టారు. పదకొండో స్థానంలో బయల్దేరి ఏడోవాడుగా వచ్చాడు. మంచి కారు దొరకబట్టే కుర్రవాడి సత్తా లోకానికి తెలిసింది. మన నారాయణ్ కార్తికేయన్‌కు అలాంటి కారు ఎన్నడూ దొరకలేదు. 2011, 2012లలో అతను నడిపిన జట్టు ఉన్నన్నాళ్ళూ ఒక్క పాయింటు కూడా ఎరగదు.

మా అబ్బాయికి చివరికి భారతం చెప్పాను. యుద్ధం ముగిశాక శిబిరం దగ్గర కృష్ణుడు అర్జునుణ్ణి ముందు రథం దిగమన్నాడు. తర్వాత తాను దిగాడు. జెండా మీది కపిరాజు అంతర్ధానమయ్యాడు. మరుక్షణం రథం భగ్గున మండి బూడిదయింది. ద్రోణుడి, కర్ణుడి అస్త్రాలకు అది ఎప్పుడో కాలిపోవలసిందే, కృష్ణుడు కూర్చున్నందువల్ల నిలిచింది. "గెలవడానికి రథమూ కావాలి, రథికుడూ కావాలిరా. ఎప్పుడు దిగాలో తెలియడం మాత్రం రథానికి చేతకాదు" అన్నాను.

వాడు ఊరుకుంటాడా! "మరి నువ్వెప్పుడు దిగుతావు నాన్నా?" అన్నాడు.

రెండేళ్ళని వచ్చినవాణ్ణి. ఇల్లు కట్టాక, చెల్లి పెళ్ళయ్యాక, అప్పు తీరాక అంటూ ఏటేటా ఇఖామా పొడిగించుకుంటూనే ఉన్నాను. ఊళ్ళో అమ్మ ఫోనులో అడగడం కూడా మానేసింది. నిజం చెప్పొద్దూ, నా భయం డబ్బు గురించి ఒక్కటే కాదు. ఇక్కడ నాకున్న పేరు నా చేతి పనిదా, నేనెక్కిన ఈ బండిదా? దిగాక నేనెవరిని? జోన్స్ పొలం నుంచి మళ్ళీ వచ్చాడు కానీ ఫార్ములా వన్ పందెం ఇంకొకటి గెలవలేదు. నీకో అసలు తిరిగి రాలేదు. ఇద్దరిలో హాయిగా ఉన్నదెవరో నేను చెప్పలేను. కానీ దిగింది ఇద్దరూ తమంతట తామే, ఎవరూ దింపకముందే.

అబ్బాయి పదో తరగతి పరీక్షలు కాగానే ఫైనల్ ఎగ్జిట్ అని ఇంట్లో మాట ఇచ్చాను. ఇప్పుడు అచ్చులో కూడా పెట్టాను. మీరంతా సాక్షులు. మాట తప్పితే వచ్చే ఉగాదుల్లో పచ్చడి నాకు వేపపువ్వు మాత్రమే వేసి పెట్టండి!

సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ ఉగాది శుభాకాంక్షలు.